కాయిల్ మీద నేరం మోపే ముందు

పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఇగ్నిషన్ కాయిల్ మార్చడానికి పావుగంట చాలు. రెండు చిన్న నట్లు, ఒక క్లాంపు, నడినెత్తిన గుచ్చిన లావు వైరు ఒకటి. కాస్త చేయి తిరిగిన కుర్రాడెవరైనా మార్చేస్తాడు. పనితనమంతా ఆ పావుగంటకు ముందే ఉంటుంది. బండి ఆగింది కాయిల్ వల్లేనా, దాని చుట్టూ ఉన్న నాలుగైదు వస్తువుల్లో మరోదాని వల్లా అన్నది తేల్చే దగ్గర మెకానిక్ ఏపాటివాడో తెలిసిపోతుంది. జడ్చర్లలో రోడ్డు పక్క షెడ్డులో ఒక పెద్దాయన ఈ పని చేస్తుంటే మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను. అక్కడ అందరికీ ఆయన ఉస్తాద్. ఆ చేతుల్లో చూసినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కారు సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా అంబాసిడర్‌ను తయారుచేశారు. మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. చాలా ఏళ్లపాటు వచ్చిన పెట్రోలు ఇంజిన్ 1489 సీసీది, నాలుగు సిలిండర్లు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక తరం పాటు ఆఫీసర్ల కారు, నాయకుల కారు, పెళ్లికొడుకు ఎక్కిన కారు అన్నీ ఇదే. తర్వాత డీజిల్ అంబాసిడర్లు వచ్చాయి. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక పాత ఇంజిన్ తీయించి డీజిల్‌ది పెట్టించుకున్నవాళ్లూ ఎందరో. డీజిల్ ఇంజిన్‌కు కాయిల్ పని లేదు. గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి చిమ్మగానే డీజిల్ తనంతట తనే అంటుకుంటుంది. అట్లా పాయింట్లు, కండెన్సర్, కాయిల్ తెలిసిన చేతులకు పని తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పెట్రోలు ఇంజిన్‌తో మిగిలిన అంబాసిడర్లు తండ్రి గుర్తుగానో, కారు మీది ప్రేమతోనో ఉంచుకున్నవి. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ వైపుగా మిర్యాలగూడ పోయే రోడ్డులో అలాంటిది ఒకటి ఆగిందంటే, దాని రోగం తెలిసిన మనిషిని వెతుక్కుంటూ పోవాల్సిందే.

కాయిల్ చేసే పని తెలిస్తేనే ఉస్తాద్ ఏం చేశారో అర్థమవుతుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు మొన దగ్గర, ఒత్తిడిలో ఉన్న పెట్రోలు గాలి మధ్య నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ తేడాను పూడ్చేది అరచేతిలో పట్టే ఆ అల్యూమినియం డబ్బా. లోపల పల్చటి ఇనుప రేకుల బొత్తి. దాని మీద వెంట్రుకంత సన్నటి ఎనామిల్ తీగ దాదాపు 20 వేల చుట్లు. దాని పైన లావు తీగ కొన్ని వందల చుట్లు. చుట్టూ నూనె. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ ఇనుములో అయస్కాంత శక్తి పేరుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల స్విచ్చిలా పనిచేసే పాయింట్లు విడిపోయి కరెంటు తెగిన క్షణంలో ఆ శక్తి ఒక్కసారిగా కుప్పకూలి, సన్న తీగలో 15, 20 వేల వోల్టులై పుడుతుంది. ఎత్తుకు నీళ్లు తోడుతున్న బోరు మోటారు హఠాత్తుగా ఆగితే పైపులో నీళ్లు ఎదురుకొట్టి పైపు మొత్తం అదరడం మనవైపు రైతులందరూ చూసిందే. పారుతున్నది ఉన్నట్టుండి ఆగితే పుట్టే ఆ దెబ్బనే కాయిల్ వాడుకుంటుంది. అందుకే కరెంటు పారడం ఎంత ముఖ్యమో, చటుక్కున తెగడం అంతకన్నా ముఖ్యం. ఆ తెగడం శుభ్రంగా ఉండేలా చూసేది కండెన్సర్. అది పాడైతే పాయింట్ల మధ్యనే మంట లేచి, ప్లగ్గు దాకా పోవాల్సిన బలం అక్కడే కాలిపోతుంది.

కరెంటు తెగినప్పుడు వోల్టేజీ పుట్టే ఈ సూత్రం ఫారడే 1831లో కనిపెట్టింది. ఐర్లండులో నికొలస్ కాలన్ అనే మతగురువు 1836లో దాన్ని కాయిల్‌గా చుట్టి చూపించారు. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్ల్స్ కెటరింగ్ బ్యాటరీ, పాయింట్లు, కాయిల్ కలిపి కాడిలాక్ కార్లలో నిలబెట్టాడు. అంతకుముందు బుర్రుమంటూ రవ్వలు రాల్చే ట్రెంబ్లర్ కాయిల్ ఉండేది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ ట్రెంబ్లర్ కాలం చివరి రోజులది. ఏ నిజాం పేరిట 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చిందో, ఆ మీర్ మహబూబ్ అలీఖాన్ పురమాయించిన కారు అది. ఆయన 1911లో పోయారు. కారు ఆ తర్వాత వచ్చింది.

మన అంబాసిడర్ ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు వంద నిప్పురవ్వలు కావాలి. అంటే ఒక్కో రవ్వకు సెకనులో వందో వంతు. అందులోనూ పాయింట్లు మూసుకుని కాయిల్ నిండేది మూడింట రెండు వంతులే. ఆ కొంచెంలోనే నిండాలి, ఖాళీ కావాలి, మళ్లీ నిండాలి. గంటల తరబడి ఇది తడబడకుండా సాగుతుందంటే, ఆ తీగ చుట్టిన కార్మికుల పనితనానికి కూడా దండం పెట్టాలనిపిస్తుంది. మద్రాసు పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ కాయిళ్లు మన రోడ్ల మీద ఈ పని దశాబ్దాల పాటు చేశాయి.

కాయిల్ శత్రువు వేడి. మే నెలలో నల్గొండలో 43, 44 డిగ్రీలు మామూలు. బోనెట్ కింద అంతకు ఎంతో ఎక్కువ. రాగి తీగ వేడెక్కే కొద్దీ దాని అడ్డు పెరుగుతుంది, డిగ్రీకి నూటికి 0.4 వంతు లెక్కన. చల్లగా ఉన్నప్పుడు 3 ఓములు చూపిన లావు తీగ 60 డిగ్రీలు పెరిగేసరికి 3.7 చూపిస్తుంది. అంతమేర కరెంటు తగ్గుతుంది, రవ్వ బలం తగ్గుతుంది. మంచి కాయిల్ ఇంతవరకు తట్టుకుంటుంది. ముసలి కాయిల్‌లో ఎక్కడో ఎనామిల్ పొర పగిలి ఉంటుంది, లేదా సన్న తీగ వెంట్రుకవాసి తెగి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కలుస్తుంది, వేడెక్కి వ్యాకోచించగానే విడిపోతుంది. అందుకే ఈ రోగం షెడ్డులో కనిపించదు, రోడ్డు మీదే కనిపిస్తుంది.

ఆ రోజు వచ్చిన కారు యజమాని చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే. "పొద్దుగాల ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అయితది ఉస్తాద్. ఇరవై కిలోమీటర్లు మంచిగనే పోతది. అటెంక దగ్గుకుంట దగ్గుకుంట ఆగిపోతది. అరగంట నీడకు పెడితే మళ్ల లేస్తది." కాయిల్ మార్చేయమని ఎవరో చెప్పారట, కొత్త కాయిల్ డబ్బా కూడా చేతిలో ఉంది. ఉస్తాద్ ఆ డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టారు, విప్పలేదు. "ఆగినంక బోనెట్ లేపి సూశిన్రా సార్? పెట్రోల్ వాసనొచ్చిందా?" అని అడిగారు.

ఆ ప్రశ్నలోనే సగం విద్య ఉంది. ఇవే లక్షణాలు పెట్రోలు వల్ల కూడా వస్తాయి. ఎండకు పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడితే పంపు తోడలేదు, బండి ఆగుతుంది, చల్లబడ్డాక లేస్తుంది. కాయిల్ పోతే ఇంజిన్ దగ్గి ఒక్కసారిగా తెగుతుంది, కార్బొరేటర్ నిండా పెట్రోలు ఉంటుంది, సెల్ఫు కొట్టేకొద్దీ వాసన పెరుగుతుంది. పెట్రోలు అందకపోతే శ్వాస ఆడనట్టు మెల్లగా చస్తుంది, వాసన రాదు. యజమానికి గుర్తులేదు. అయితే వేడెక్కించి చూడాల్సిందే అన్నారు ఉస్తాద్. "గరం గాకముందు ఏం సూశినా ఫాయిదా లేదు."

మహబూబ్‌నగర్ వైపు బండిని తిప్పుకొచ్చారు. ఎండలోనే ఆపి, బోనెట్ మూసి, ఇంజిన్ నడుస్తూ వదిలేశారు. తొందరపడే మెకానిక్ ఎవరూ ఈ పని చేయడు. ఇంతసేపు వేచి ఉన్నందుకు కూలి ఎవరూ ఇవ్వరు మరి. కొంతసేపటికి ఇంజిన్ దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగింది. అప్పుడు లేచారు.

మొదట కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కుర్రాడితో సెల్ఫు కొట్టించారు. పెట్రోలు నిండుగా, బుడగలు లేకుండా పడింది. పైపు బిగించి, ఒలికిన చుక్కలు తుడిచి, ఆ గుడ్డను దూరంగా పారేయించి, వాసన పూర్తిగా పోయేదాకా మరో పని ముట్టుకోలేదు. తర్వాత చూడాల్సింది నిప్పురవ్వ కాబట్టి.

డిస్ట్రిబ్యూటర్‌ను అక్కడ డెల్కో అంటారు. దాని కప్పు నడిమధ్య నుంచి లావు వైరు ఊడదీసి, రబ్బరు పిడి పకడుతో పట్టుకుని, కొసను ఇంజిన్ ఇనుముకు పావు అంగుళం దూరంలో నిలిపారు. కప్పు తీసి, కీ ఆన్ చేయించి, మూసుకుని ఉన్న పాయింట్లను పేచ్‌కస్ మొనతో అలా తట్టి విడదీశారు. రావాల్సింది నీలంగా, టప్‌మనే చప్పుడుతో దూకే రవ్వ. వచ్చింది సన్నగా, పసుపు కలిసిన ఎరుపులో, ఒకసారి ఉండి రెండుసార్లు లేకుండా. ఈ వైరును గాలిలో వేలాడదీసి సెల్ఫు కొట్టడం చాలా షెడ్లలో చూస్తాం. ఉస్తాద్ అది చేయనివ్వరు. దూకడానికి దారి లేని 20 వేల వోల్టులు కాయిల్ లోపలి పొరనే చీల్చుకుని పోతాయి. పరీక్ష పేరుతో చచ్చే కాయిళ్లు చాలా ఉన్నాయని, అందుకే కొస ఎప్పుడూ ఇనుముకు దగ్గరగానే ఉండాలని కుర్రాడికి చెప్పారు.

రవ్వ బలహీనం అని తేలింది. అయినా కాయిల్ జోలికి పోలేదు. రెండు వైర్ల బల్బు తెప్పించారు. ఒక కొస ఎర్త్‌కు, ఇంకొకటి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్‌కు. బల్బు నిండుగా వెలిగింది. అంటే కీ, స్విచ్చి, వైరింగు బాగానే ఉన్నాయి. తర్వాత రెండో టెర్మినల్, డెల్కోకు పోయేది. పాయింట్లు విడిగా ఉంటే వెలగాలి, మూసుకుంటే ఆరాలి. రెండూ సరిగ్గా జరిగాయి. ఒకవేళ విడిగా ఉన్నప్పుడు కూడా వెలగకపోతే ఏం చేయాలని కుర్రాడిని అడిగారు. కాయిల్ పోయినట్టే అన్నాడు వాడు. "ఉరకనే కాయిల్‌ను అనొద్దురా. ముందుగాల గా వైరు ఇడ్సిపెట్టి సూడు." ఆ వైరు తీశాక బల్బు వెలిగితే తప్పు డెల్కో వైపుది, పాయింటో కండెన్సరో ఎర్త్ అవుతోంది. తీశాక కూడా వెలగకపోతేనే లోపలి తీగ తెగినట్టు. ఒక్క వైరు తీసి చూస్తే ఒక కాయిల్ ఖర్చు మిగులుతుంది.

తర్వాత పాయింట్లు. చిన్న అద్దం ముక్కతో లోపలికి వెలుతురు పడేలా చేసి చూశారు. ఒక ముఖం మీద చిన్న గుంత, రెండోదాని మీద చిన్న బొడిపె. సన్నటి ఆకురాయితో బొడిపె తీసేసి, ఫీలర్ గేజ్‌తో సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, దగ్గర బిగించారు. పట్టీ లోపలికి పోయేటప్పుడు బిగువుగా కాకుండా, వదులుగా కాకుండా రాసుకుంటూ పోవాలి. ఆ రాపిడి చేతికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. కండెన్సర్‌ను అనుమానించి, తన దగ్గరున్న మంచి కండెన్సర్ తాత్కాలికంగా తగిలించారు. మళ్లీ రవ్వ చూశారు. అదే పసుపు రంగు. కాబట్టి పాత కండెన్సర్ నిర్దోషి. దాన్నే తిరిగి బిగించారు. కొత్తది పెట్టి బిల్లు వేయడానికి ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు లేరు. అయినా పాతదే బిగించడం చూసి ఆయన మీద గౌరవం పెరిగింది నాకు.

ఇప్పుడు మీటరు. బ్యాటరీ ఎర్త్ తీసి, కాయిల్ వైర్లన్నీ విప్పి, ముందు మీటరు రెండు కొసలనూ ఒకదానికొకటి తాకించారు. 0.4 చూపింది. ఆ తర్వాత రెండు చిన్న టెర్మినళ్ల మధ్య 3.9. అందులోంచి 0.4 తీస్తే 3.5. వేడి మీద ఉన్న మూడు ఓముల కాయిల్‌కు అది సరైన లెక్కే. లావు వైరు గుచ్చే నడిమి గూటికీ టెర్మినల్‌కూ మధ్య కొన్ని వేల ఓములు ఉండాలి. అక్కడ అంకె నిలవలేదు. 9 వేలు చూపి, పైకి పోయి, మీటరు ఖాళీ అయి, మళ్లీ కిందికి వచ్చింది. బాడీకీ టెర్మినల్‌కూ మధ్య కరెంటుకు దారే లేదు, అది మంచిదే. సన్న తీగ లోపల ఎక్కడో తెగి, వేడికి కలుస్తూ విడిపోతూ ఉందని మీటరు చెప్పింది.

ఈ ఒక్క సాక్ష్యానికే ఆయన ఒప్పుకోలేదు. మీటరు పంపేది చిన్న కరెంటు. లోపలి పొర 20 వేల వోల్టుల దగ్గర ఏం చేస్తుందో దానికి తెలియదు. అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా పనికిరాని కాయిళ్లు ఉంటాయి. అందుకే షెడ్డులో గోడకు వేలాడే నమ్మకమైన కాయిల్ ఒకటి తెచ్చి, క్లాంపులో బిగించకుండా, పక్కనే తీగతో కట్టి, మూడు వైర్లూ దానికి మార్చారు. అదే వేడి ఇంజిన్, అదే పాయింట్లు, అదే కండెన్సర్. కీ తిప్పగానే ఇంజిన్ అందుకుంది. వైర్లు మళ్లీ పాత కాయిల్‌కు పెట్టారు. సెల్ఫు తిరిగింది, ఇంజిన్ లేవలేదు. చల్లటి తడిగుడ్డ పాత కాయిల్ నడుముకు చుట్టి, గూటి మీద చుక్క కూడా పడకుండా కాసేపు ఉంచారు. లేచింది. అప్పుడన్నారు, "ఇగ ఇప్పుడు డబ్బా ఇప్పుండ్రి" అని.

విప్పాక కూడా వెంటనే పెట్టలేదు. కొత్త కాయిల్‌ను మీటరుతో చూస్తే 1.5 ఓములు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు బల్లాస్ట్ అనే అడ్డు ఉంటుంది, వాటికి 1.5 ఓముల కాయిల్ సరిపోతుంది. ఈ బండికి అది లేదు. 12 వోల్టుల మీద 3 ఓముల కాయిల్ 4 ఆంపియర్లు తీసుకుంటే, 1.5 ఓములది 8 తీసుకుంటుంది. పాయింట్లు నెలల్లో మాడతాయి, కాయిల్ ముట్టుకోలేనంత కాగుతుంది, బండి మాత్రం మొదటిరోజు అద్భుతంగా నడుస్తుంది. మంచి రవ్వ వస్తోందని మురిసిపోయి పంపేస్తే రెండు నెలలకు ఇదే రోడ్డు మీద ఆగుతుంది. యజమాని ఆ కాయిల్ వాపసు ఇచ్చి, సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి సరైనది తెప్పించేదాకా గోడ మీది కాయిల్‌తోనే బండి నడిచింది.

సరైనది వచ్చిన రోజు కూడా వెళ్లాను. పాతదాని మీద టెర్మినళ్లకు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని అక్షరాలు. ఒకటి స్విచ్చి, ఒకటి పాయింట్లు. కొత్తదాని మీద ప్లస్, మైనస్. పాత ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ప్లస్ కొస ఎర్త్ అయ్యేది. తర్వాత మైనస్ ఎర్త్ వచ్చింది. ఈ కారుకు ఎప్పుడో డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టినప్పుడు ఎర్త్ మార్చారు, కాయిల్ వైర్లు మాత్రం అటూ ఇటూ మార్చలేదు. బండి ఆగదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ప్లగ్గు నడిమి మొన వేడిగా ఉంటుంది, ఎలక్ట్రాన్లు అక్కడి నుంచి తేలిగ్గా బయలుదేరతాయి. అందుకే ఆ మొన మైనస్‌గా ఉండాలి. తలకిందులైతే అదే రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి, కాయిల్ రోజూ అదనంగా శ్రమపడాలి. పాత కాయిల్ అంత తొందరగా అలసిపోవడంలో దీని పాలు కూడా ఉందని ఉస్తాద్ అంచనా. నాకూ అదే సబబనిపించింది.

బిగించే ముందు క్లాంపు కింద రేకు మీద పేరుకున్న మట్టి, రంగు గీకి ఇనుము మెరిసేదాకా తుడిచారు. కాయిల్ తన వేడిని ఆ రేకు ద్వారానే వదిలించుకోవాలి. క్లాంపు డబ్బాను నొక్కి సొట్ట చేయకుండా, కదలకుండా ఉండేంత మాత్రమే బిగించారు. చిన్న నట్లను పొట్టి పానాతో, రెండు వేళ్ల బలంతో. లావు వైరును గూట్లోకి అడుగు తగిలేదాకా నొక్కి, వెనక్కి లాగి చూసి, రబ్బరు టోపీ దించారు. వైరు సగంలో ఆగితే ఆ కొంచెం సందులో రవ్వ దూకుతూ గూడును లోపలి నుంచి కాలుస్తుంది. పాత కాయిల్ గూట్లో టార్చి వేసి చూపించారు. పెన్సిలు గీతంత నల్లటి దారి ఒకటి, అడుగు నుంచి అంచుదాకా.

చివరగా నిజం పెన్సిలే తీశారు. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, ప్లగ్గు తలకూ వైరు కొసకూ మధ్య చెక్కిన పెన్సిలు ములుకు పట్టి ఇంజిన్ నడిపించారు. రవ్వ ములుకును దాటుతూ ప్లగ్గు వైపు చిన్న ఎర్రటి కుచ్చులా విచ్చుకుంది. అటు విచ్చుకుంటే పోలారిటీ సరైనట్టు. ఇటు, వైరు వైపు విచ్చుకుంటే తలకిందులు. పాత కాయిల్ తగిలించి అదే చూపిస్తే, అది వైరు వైపే విచ్చుకుంది. మీటర్లు లేని రోజుల నుంచి వస్తున్న ఈ పరీక్షను నేను పుస్తకంలో చదివాను, కంటితో చూడటం అదే మొదలు. కుర్రాడు మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నాడు. ఆయన ఆపలేదు.

టైమింగు సరిచూసి, మిట్టమధ్యాహ్నం బండిని కల్వకుర్తి రోడ్డు మీద నడిపించుకొచ్చారు. తిరిగొచ్చాక కాయిల్ మీద అరచేయి పెట్టి చూశారు. వేడిగానే ఉంది, చేయి తీసేయాల్సినంత కాదు. పాత కాయిల్ టెర్మినళ్లు రెండూ పకడుతో విరిచేసి పాత సామాన్ల డబ్బాలో వేశారు. ఎవరూ దాన్ని తుడిచి మళ్లీ అమ్మకుండా. యజమానికి ఒకటే చెప్పారు. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో ఉంచి పాటలు వినొద్దని. పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆగి ఉంటే 4 ఆంపియర్లు ఆగకుండా పారుతూ, గాలి కూడా తగలని చోట కాయిల్‌ను దాదాపు 50 వాట్ల వేడి కాలుస్తూనే ఉంటుంది. కూలి ఎంతయ్యిందని అడిగితే కాయిల్ మార్చినందుకు మామూలుగా ఎంత తీసుకుంటారో అంతే చెప్పారు. పరీక్షలకు వేరే లెక్క వేయలేదు. యజమాని ఆ లెక్క మీద కొంత ఎక్కువే చేతిలో పెట్టారు, అది న్యాయం.